కిరాయా మాఫీ

ఈ దేశం వచ్చిన కొత్తలో నన్ను తిప్పలు పెట్టింది ఎండా కాదు, పనీ కాదు. ఒక్క మాట. మాఫీ.

మనకి మాఫీ అంటే తెలిసిందే కదా. రుణమాఫీ, పన్ను మాఫీ. ఎవరో పెద్ద మనసు చేసుకుని పోనీలే అని వదిలెయ్యడం. నేను సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఈ ఇంట వంటకి చేరిన కొత్తలో, మా యజమానురాలు కూర రుచి చూసి, మొహం చిట్లించి, "మిల్హ్ మాఫీ" అంది. మిల్హ్ అంటే ఉప్పని అప్పటికే నేర్చుకున్నాను. ఓహో, ఈ ఇంట్లో ఉప్పు మాఫీ కాబోలు, పెద్దవాళ్ళు కదా, బీపీ ఉండి ఉంటుంది అనుకుని, మర్నాటి నుంచి చిటికెడు ఉప్పు కూడా వెయ్యకుండా వండిపెట్టాను. ఆవిడ "మిల్హ్ మాఫీ, మిల్హ్ మాఫీ" అని అరవడం, నేను "అవునమ్మా, వెయ్యలేదు" అని వినయంగా తలూపడం! చివరికి ఆవిడ ఉప్పు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, దాన్నీ కూరనీ మార్చి మార్చి చూపిస్తే గానీ నా బుర్రకెక్కలేదు. ఇక్కడి అరబీలో మాఫీ అంటే 'లేదు' అని. అంతే. అందులో క్షమించడమూ లేదు, దయ చూపడమూ లేదు.

నా కూరలకి పట్టిన గతి సరే, ఎలాగో సర్దుకుంది. ఆ మాట వల్లే ఒక మనిషికి తల దాచుకునే చోటు చేతికొచ్చి జారిపోయింది. అది చెప్పాలనే ఇదంతా.

ముందు మా ఇంటాయన గురించి చెప్పాలి. ఇళ్ళల్లో పనిచేసే అందరిలాగే నేనూ ఆయన్ని బాబా అంటాను. సైన్యంలో చేసి రిటైరైన మనిషి. మోకాలు ఒకటి సరిగ్గా వంగదు, అయినా నడుము మాత్రం నిటారుగా ఉంటుంది. ఈ ఖమీస్ కొండ మీద ఊరు. సౌదీ అంటే మాడిపోయే ఎండ అనుకునే మా కోనసీమ వాళ్ళు, నేను రగ్గు కప్పుకుని ఫోన్‌లో కనిపిస్తే నాటకాలంటారు. చలికాలం వచ్చిందంటే బాబా ఒంటి మీద ఫర్వా ఉండాల్సిందే. లోపల గొర్రె బొచ్చు కుట్టిన పొడుగాటి కోటు అది. వాళ్ళమ్మ బతికి ఉండగా కుట్టించి ఇచ్చిందట. అంచులు అరిగిపోయాయి, ఒకచోట బొచ్చు ఊడిపోయి తోలు కనిపిస్తుంది. కొడుకులు కొత్తవి తెస్తే బీరువాలో పడేస్తారు. ఒకసారి మంచికి పోయి దాన్ని వాషింగ్ మెషీన్లో వెయ్యబోతే ఇల్లు లేచిపోయేలా అరిచారు. అప్పటి నుంచి దానికీ నాకూ మాటల్లేవు.

వారానికోసారి బాబా కారులో ముగ్గురం బలద్‌కి వెళ్తాం. బలద్ అంటే ఊరి నడిబొడ్డు, పాత బజారు. యజమానురాలు బట్టల కొట్లలో దూరుతుంది, బాబా కారులో కూర్చుని రేడియో వింటారు, నేను కడప భాయ్ కొట్టుకి వెళ్తాను. గోంగూర, కరివేపాకు, చింతపండు, మనవాళ్ళ కబుర్లు అన్నీ దొరికేది అక్కడే. ఆ కొట్టు పక్కన ఒక పాత మేడ ఎన్నాళ్ళుగానో మూతపడి ఉంది. దాని బయటి మెట్ల కింద ఒకాయన పడుకుంటున్నాడని నేను మొదట విన్నది భాయ్ నోటనే.

"ఏం చేసేదక్కా, ఆడోళ్ళు నా కొట్టుకి రావల్లంటే భయపడతాండారు. మనోడే అంట. తెలుగోడే. ఇల్లు ల్యాకుండా రోడ్డున పడినాడంటే వాడే ఏదో చేసుంటాడు, ఊరికే పడ్తాడా ఎవురన్నా?"

"నువ్వు చూశావా ఏం చేశాడో?"

"చూడల్నా ఏమి? తెలిసిపోతాది."

ఆ పక్కనే సరుకులు కొంటున్న మన తెలుగాయన ఒకడు, ఏదో కంపెనీలో ఆఫీసు ఉద్యోగం, మెడలో ఇంకా ఐడీ కార్డు వేలాడుతోంది, కలగజేసుకున్నాడు. "యాక్చువల్లీ ఇలాంటి వాళ్ళ వల్లే మన కమ్యూనిటీ ఇమేజ్ స్పాయిల్ అవుతుందండీ. ఎవరైనా రిపోర్ట్ చేస్తే బెటర్."

నా నోరు ఊరుకోదు కదా. "పాపం, మీ ఇమేజ్ రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందండీ?" అన్నాను. ఆయన గోంగూర కట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. బేరం పోయిందని.

బయటికొచ్చి మెట్ల కిందకి తొంగిచూశాను. నేను ఊహించింది ఒకటి, అక్కడున్నది ఒకటి. దుప్పటీ రగ్గూ అంచుకి అంచు కలిపి పెట్టెలా మడిచి గోడకి ఆన్చి ఉన్నాయి. పక్కన బూట్లు జంటగా, ముందుకి చూస్తూ నిలబడి ఉన్నాయి. మేకుకి ఒక చొక్కా. యాభై దాటిన మనిషి, నున్నగా గడ్డం గీసుకుని, చిన్న అద్దం తుడిచి జేబులో పెట్టుకుంటున్నారు. ఆ దుమ్ములో అంత శుభ్రం ఎలా చేశారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా ఇంట్లో నా పక్క కూడా అంత తీరుగా ఉండదు.

"ఏ ఊరండీ మీది?" అన్నాను.

"సికాకులం పక్క సెల్లెమ్మా. మిలిటరీలో సేసి వచ్చీసినాను. హవల్దారు."

మెల్లిగా ఒక్కో వారం ఒక్కో ముక్క తెలిసింది. తుపానుకి ఇల్లు కూలిపోయిందట. పింఛను కొత్త ఇంటి అప్పుకి సరిపోతుంది గానీ ఇల్లు పైకి లేవడానికి సరిపోదు. అందుకని సెక్యూరిటీ గార్డుగా ఇక్కడికొచ్చారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ మూతపడింది. వాళ్ళిచ్చిన సకన్‌కి, అంటే పనివాళ్ళ వసతికి, తాళం పడింది. తోటి గార్డులు తలో దిక్కూ పోయారు, ఒకడు ఎక్కడో దూరాన హుఫూఫ్ అనే ఊళ్ళో తోటల పనికట, ఇంకొకడు ఎక్కడో. ఈయన కేసు ఇక్కడి లేబర్ కోర్టులో నడుస్తోంది. అది తేలేదాకా ఊరు వదలడానికి లేదు, దేశం దాటడానికి ఎగ్జిట్ వీసా రాదు. ఇల్లు కట్టుకుందామని వచ్చిన మనిషి మెట్ల కింద ఉన్నాడన్నమాట.

"భయం వెయ్యదా అన్నయ్యా?" అంటే నవ్వారు.

"బోర్డరంతా కాపలా కాసినోన్ని, ఈ మెట్ల కింద నన్ను నాను కాసుకోలేనేటి?"

పప్పూ అన్నం డబ్బాలో పెట్టి తీసుకెళ్తే వద్దనలేదు గానీ, మరుసటి వారం డబ్బా తళతళలాడుతూ తిరిగొచ్చింది. ఎప్పటి నుంచో విరిగి ఉన్న మూత కొక్కేనికి సన్న తీగ చుట్టి బాగుచేసి ఇచ్చారు. ఉత్తినే ఏదీ తీసుకునే మనిషి కాదు. భాయ్ కొట్టు ముందు తెల్లారేసరికి శుభ్రంగా ఊడ్చి ఉంటే, అది మునిసిపాలిటీ వాళ్ళ పనని భాయ్ అనుకునేవాడు. ఊడ్చేది ఎవరో నాకు ఆ చీపురు చూశాకే తెలిసింది. అది కూడా మెట్ల కింద నిటారుగా నిలబెట్టి ఉంది.

చలి ముదిరింది. ఒక మధ్యాహ్నం మేం బలద్‌లో ఉండగానే వాన మొదలైంది. ఈ ఊళ్ళో వానకి ముందూ వెనకా ఉండదు, ఒక్కసారి కుమ్మరిస్తుంది. నా సంచులు తడుస్తాయని బాబా కారు తెచ్చి సరిగ్గా ఆ మెట్ల ముందే ఆపారు. నేను సంచులు ఎక్కిస్తుంటే ఆయన అద్దం దించి మెట్ల కిందకే చూస్తున్నారు. నీళ్ళు జారి లోపలికి పోతున్నాయి. మడిచిన పక్కని రాళ్ళ మీదకి ఎత్తి, బూట్లు దాని పైన పెట్టి, హవల్దారు గారు పక్కన నిలబడి ఉన్నారు. కూర్చోడానికి పొడి చోటు లేదు మరి.

"హాదా అస్కరీ" అన్నారు బాబా. ఇతను సిపాయి అని. అడగలేదు, చెప్పారు.

"అవును బాబా, హింద్‌లో చేశాడట" అని నాకు తెలిసిందంతా నా వచ్చీరాని అరబీలో చెప్పాను. ఆయన అంతా విని, ఆ వంగని మోకాలితో, ఫర్వాతో సహా వానలోకి దిగిపోయారు! నేను "బాబా, బాబా" అంటూ వెనక పరిగెత్తాను. ఇద్దరూ ఒకళ్ళ ముందొకళ్ళు నిలబడ్డారు. మా డాబా మీద ఒక గది ఖాళీగా ఉందని, వచ్చి ఉండమని చెప్పమన్నారు. చెప్పాను. హవల్దారు గారి మొహంలో ఒక్కసారి వెలుగొచ్చింది, నేను చూశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ బాబాకి డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలున్నాయి, అవి బయటికి తీయకపోతే ఆయనకి తోచదు. చెయ్యి ఊపి, గట్టిగా, సంతోషంగా అన్నారు:

"కిరాయా మాఫీ! కిరాయా మాఫీ!"

హవల్దారు గారి మొహం ముడుచుకుపోయింది.

"సెల్లెమ్మా, నానేటి తప్పు సేసినానని నాకు మాఫీ ఇత్తన్నాడు? సర్వీసున్నన్నాల్లూ ఒక్క ఆఫీసరు కాడా మాఫీ అడగనేదు. ఇప్పుడు అడుగుతానేటి? వద్దని సెప్పీ." బాబాకి ఒక సెల్యూట్ కొట్టి, తిరిగి వెళ్ళి తన పక్క దగ్గర నిలబడిపోయారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తడిసి ముద్దవుతూ ఇదేం తలబిరుసు? ఇల్లిస్తానంటే మర్యాద చూసుకుంటాడా? బాబా పాపం, "గది బాగుండదేమో అనుకున్నాడా? రంగు వేయిస్తానని చెప్పు" అంటున్నారు. యజమానురాల్ని బట్టల కొట్టు దగ్గర ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాం.

ఇంటికొచ్చి పొయ్యి మీద కూర పెట్టాను. ఉప్పు డబ్బా తీశాను. మూత తీసిన చెయ్యి తీసినట్టే ఉండిపోయింది. ఓరి నా తెలివి తెల్లారా! మిల్హ్ మాఫీ. నాకు పట్టిన తెగులే ఆయనకీ పట్టింది. కిరాయా అనేది హిందీ మాటాయె, దాని పక్కన మాఫీ కూడా హిందీయే అనుకోకుండా ఎలా ఉంటారు? ఆయన ఉన్న సకన్‌లో అందరూ నేపాలీలూ బీహారీలేనట, అరబీ చెవిన పడితే కదా. బాబా 'అద్దె లేదు' అన్నారు. ఈయన 'అద్దె క్షమించాను పో' అని విన్నారు. ఎంత తేడా! ఒకటి తోటివాడి మాట, ఇంకొకటి దొర మాట.

స్టవ్ ఆపేసి బాబా దగ్గరికి పరిగెత్తాను. నా అరబీకి ఇంత పెద్ద సంగతి పట్టదు, అయినా చేతులతో, ఉప్పు డబ్బాతో, ఎలాగో చెప్పాను. ఆయనకి సగం అర్థమైంది, ఆ సగమే చాలింది. తాళాలు తీసుకుని లేచారు.

వెళ్ళి చూస్తే మెట్ల కింద ఎవరూ లేరు. పక్క లేదు, బూట్లు లేవు. చీపురు ఒక్కటే గోడకి ఆనుకుని ఉంది.

కొట్లోకి దూసుకెళ్ళాను. "ఏరీ ఆయన?"

భాయ్ కళ్ళు దించుకున్నాడు. "పొమ్మన్యా. కస్టమర్లు వానకి లోపలికొచ్చి నిలబడల్ల, ఆయన అట్లా వాకిట్లో నిలబడుంటే..."

"నీ కొట్టు ముందు పొద్దున్నే ఊడ్చేది ఎవరనుకున్నావు? మునిసిపాలిటీ నీకేమన్నా మేనమామా? ఆ మనిషి! నువ్వు ఇప్పుడు వానలోకి తోలావే, ఆ మనిషి!"

భాయ్ గబుక్కున లేచాడు. కొట్టు షట్టరు దించేసి, గొడుగు తీసుకుని, మాకన్నా ముందు నడిచాడు. భాయే వెతికి పట్టుకున్నాడు. కూరగాయల బజారు చివర రేకుల షెడ్డు కింద, ఖాళీ పెట్టెల మధ్య కనిపించారు హవల్దారు గారు. అక్కడ కూడా పక్క మడిచే ఉంది. తడిసిపోయింది గానీ మడత చెక్కు చెదరలేదు. మనిషి మాత్రం వణుకుతున్నారు.

"అన్నయ్యా, ముందు నా మాట విను" అన్నాను. ఊపిరి అందక మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "వీళ్ళ భాషలో మాఫీ అంటే క్షమించడం కాదు. లేదు అని. ఉప్పు మాఫీ అంటే ఉప్పు లేదు. అద్దె మాఫీ అంటే అద్దె లేదు. అంతే. నీకు ఎవరూ ఏదీ క్షమించలేదు."

ఆయన తల తిప్పి బాబా వైపు చూశారు. "అద్దె ఎందుకు లేదట?"

బాబాని అడిగాను. ఇంత చిన్న సంగతి కూడా చెప్పాలా అన్నట్టు చూసి, తన గుండె మీద ఒకసారి, ఆయన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, "బైన్ అస్కర్, మాఫీ" అన్నారు. సిపాయికీ సిపాయికీ మధ్య అది లేదు అని. ఆ మాటకి మాత్రం నేను తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. హవల్దారు గారు అటు తిరిగి మొహం తుడుచుకున్నారు. తర్వాత "అలాగైతే డ్యూటీ ఏటో సెప్పమను. డ్యూటీ నేకుండా ఉండనేను" అన్నారు.

బాబా గడ్డం గోక్కున్నారు. తన దోస్తులు కొందరు పోయారని, ఉన్నవాళ్ళు ఊళ్ళు మారిపోయారని, సాయంత్రం డాబా మీద టీ ఒక్కడినే తాగలేకపోతున్నానని, డ్యూటీ అదేనని చెప్పారు. హవల్దారు గారు మడమలు కలిపి నిలబడి, "ఎస్ సర్" అన్నారు.

నా జీవితంలో చాలా ఇళ్ళు చూశాను, చాలా మంది పెద్దమనుషుల్ని చూశాను. అడిగినవాడికి పెట్టేవాళ్ళున్నారు. కాదు పొమ్మన్నవాడి దగ్గరికి అదే వానలో మళ్ళీ వెళ్ళిన మనిషిని నేను ఆ రోజే చూశాను. ఆయన ఇంట్లో ఉప్పు వేస్తున్నందుకు నాకు గర్వంగా ఉంది. బాబా మర్నాడే పోలీసు స్టేషన్‌కి కూడా వెళ్ళి, నా ఇంట్లో నా అతిథి ఉన్నాడు, కేసు తేలేదాకా ఉంటాడు అని చెప్పి వచ్చారు. ముసుగులో వ్యవహారం ఆయనకి గిట్టదు.

ఆ చలికాలమంతా వాళ్ళిద్దరి కబుర్లు చూడాలి! ఒకళ్ళకి అరబీ, ఒకళ్ళకి తెలుగూ హిందీ. మధ్యలో టీ పళ్ళెం పట్టుకుని నేను. అర్థం కాకపోతే ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరుగుతారు, నేనేదో అంబాసిడర్ని అయినట్టు. కొన్నాళ్ళకి నా అవసరమే తగ్గిపోయింది. మంచులో కాపలా ఎలా ఉంటుందో హవల్దారు గారు అభినయించి చూపిస్తుంటే బాబా నిజంగానే వణికేవారు. ఊరి పక్క ఎయిర్‌బేస్ నుంచి విమానం లేచిన చప్పుడైతే చాలు, మాట ఆపేసి ఇద్దరూ ఒకేసారి తలెత్తేవారు. డాబా గచ్చు, మెట్లు, వాకిలి రోజూ అద్దంలా ఉండేవి. "డ్యూటీ టీ తాగడమే కదా అన్నయ్యా" అంటే, "అది ఆయనిచ్చిన డ్యూటీ, ఇది నాది" అనేవారు. కడప భాయ్ మాత్రం నేను కనిపించినప్పుడల్లా సణుగుడే. "మీరు తీస్కపోతిరి, ఇప్పుడు నా వాకిలి ఎవరు ఊడ్చల్ల?"

హవల్దారు గారిని ఒక్కటే ముల్లులా గుచ్చేది. నాతో అనేవారు: "అంత పెద్ద మనిషిని ఆ రోజు వానలో నిలబెట్టీసినాను సెల్లెమ్మా. వెల్లే లోపల మాఫీ అడగాల." నేను తేలిగ్గా తీసిపారేసేదాన్ని. సర్వీసంతా ఎవరినీ అడగని మనిషికి ఆ మాట ఎంత బరువో నేను పట్టించుకోలేదు.

కేసు తేలింది, ఎగ్జిట్ వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున పొగమంచు, ఎదురిల్లు కూడా కనిపించడం లేదు. ఎయిర్‌పోర్టుకి దింపడానికి భాయ్ తన బండి తెచ్చాడు, నేను అడగకుండానే. హవల్దారు గారు ఇస్త్రీ మడత నలగని పల్చటి చొక్కాతో, ఒక్క సంచితో గేటు దగ్గర నిలబడ్డారు. బాబా ఫర్వా కప్పుకుని వచ్చారు. ఈయన సెల్యూట్ చేశారు. ఆయనా చేశారు. తర్వాత హవల్దారు గారు సంచి కింద పెట్టి, చేతులు జోడించారు. చలికాలమంతా నేర్చుకున్న అరబీ ఏమైపోయిందో!

"బాబా... మాఫీ" అన్నారు. ఆ ముక్క దాటి ఇంకేమీ రాలేదు. "మాఫీ, బాబా."

బాబా కంగారుపడిపోయారు. "ఏష్ మాఫీ?" అన్నారు. ఏం లేదు? ఆ పల్చటి చొక్కా చూశారు, ఒక్క సంచీ చూశారు. "ఏష్ మాఫీ, యా అఖూయ్?" ఏం లేదు తమ్ముడూ? అని అడుగుతూనే భుజాల మీంచి ఫర్వా తీసి, ఆయనకి కప్పేశారు. వాళ్ళమ్మ కుట్టించిన ఫర్వా. చిన్నపిల్లాడికి కప్పినట్టు మెడ దగ్గర దగ్గరికి లాగి సర్దారు.

ఇద్దరూ నా వైపు తిరిగారు. తర్జుమా కోసం. నేను నోరు విప్పలేదు. నా బతుకులో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, ఇదొకటి.

హవల్దారు గారు అరిగిపోయిన ఆ అంచుని వేళ్ళతో తడిమి చూసుకున్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "ఇచ్చీసినారు కదా సెల్లెమ్మా?" అన్నారు.

"ఇచ్చేశారన్నయ్యా."

బండి పొగమంచులో కలిసిపోయింది. బాబా ఒంటి చొక్కాతో నిలబడి, చేతులు రుద్దుకుంటూ ఇంకా అటే చూస్తున్నారు. అతనికి లేనిది ఇంకా ఏమైనా ఉందా, నాతో ఏమైనా చెప్పాడా అని అడిగారు.

"మాఫీ, బాబా" అన్నాను.